స్టేట్‌బర్గ్ మట్టి చర్చి: తరచుగా అడిగే ప్రశ్నలు

సౌత్ కరోలైనాలో కొలంబియా నుంచి మర్టిల్ బీచ్‌కి కారులో పోయే తెలుగువాళ్లు చాలామంది 378 రోడ్డు పట్టుకుంటారు. సమ్టర్ ఊరు ఇంకా రాకముందే ఎడమవైపు 261 రోడ్డులోకి తిరిగితే కొద్ది దూరంలో చెట్ల మధ్య ఒక పాత చర్చి కనిపిస్తుంది. పేరు చర్చ్ ఆఫ్ ది హోలీ క్రాస్, ఎపిస్కోపల్ సంఘం కట్టుకున్నది. చూసొచ్చినవాళ్లూ, ఫొటోలు చూసినవాళ్లూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అందుకని జవాబులన్నీ ఒకచోట పెడుతున్నాను. వరసగా చదవనక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి.

## ముందుగా వచ్చే సందేహాలు

దీని కోసం పనిగట్టుకుని ఆగాలా? అంత ప్రత్యేకత ఏముంది?

గోడలన్నీ మట్టి. ఇటుక కాదు, రాయి కాదు, కర్ర చట్రం మీద మెత్తిన మట్టి కూడా కాదు. చెక్క పెట్టెల్లో మట్టి పోసి, దిమ్మిసతో కొట్టి గట్టిపరిచిన గోడలు. 1850లో మొదలుపెట్టి 1852లో పూర్తి చేశారు. బయట పూత ఉండటం వల్ల తెలియనివాళ్లు రాతి కట్టడమే అనుకుని వెళ్లిపోతారు. 1973లో దీన్ని అమెరికా జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. ఆ జాబితాలో చర్చిలు చాలానే ఉన్నాయి కానీ మట్టితో కట్టిన గోథిక్ (యూరప్ మధ్యయుగపు శైలి) చర్చి అంటే అరుదు. నన్నడిగితే బీచ్‌కి అరగంట ఆలస్యంగా వెళ్లినా నష్టం లేదు.

స్టేట్‌బర్గ్ అసలు ఊరేనా? మ్యాప్‌లో ఏమీ కనిపించడం లేదు.

బజారు, సెంటరు కోసం వెతికితే దొరకవు. రోడ్డు వెంట ఇళ్లు, పొలాలు, పాత తోట బంగళాలు, అంతే. పక్కనే ఉన్న షా ఎయిర్‌ఫోర్స్ బేస్ వల్ల తలపైన యుద్ధ విమానాల మోత మాత్రం గట్టిగానే వినిపిస్తుంది. ఈ ఊరిని 1783లో జనరల్ థామస్ సమ్టర్ మొదలుపెట్టాడు. బ్రిటిష్‌వాళ్లతో స్వాతంత్ర్య యుద్ధంలో పేరు తెచ్చుకున్న మనిషి. రాష్ట్ర రాజధాని ఇక్కడికే వస్తుందని ఆయన ఆశ. ఊరి పేరులోనే ఆ ఆశ కనిపిస్తుంది. 1786లో రాజధానికి కొలంబియాని ఎంచుకోవడంతో స్టేట్‌బర్గ్ కథ అక్కడితో ఆగిపోయింది. రాజధాని వస్తుందని భూములు కొనిపెట్టుకుని ఎదురుచూడటం ఎలా ఉంటుందో మనవాళ్లకు వేరే చెప్పాలా!

ఎపిస్కోపల్ అంటే మన సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లాంటిదేనా?

చుట్టరికం ఉంది, కానీ రెండూ ఒకటి కాదు. ఇంగ్లండ్ రాజును అధిపతిగా పెట్టుకున్న ఆంగ్లికన్ చర్చి, స్వాతంత్ర్యం వచ్చాక అమెరికాలో అలాగే కొనసాగడం కుదరలేదు. రాజుకి విధేయత ప్రమాణం చేయకుండా ఇంగ్లండ్‌లో బిషప్ కాలేరు. అందుకే శామ్యూల్ సీబరీ అనే ఆయన 1784లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌కి వెళ్లి అక్కడి బిషప్పుల చేత అభిషేకం పొందాడు. 1789 నాటికి ఎపిస్కోపల్ చర్చి సొంత రాజ్యాంగంతో నిలబడింది. మన సీఎస్ఐ 1947లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, మరికొన్ని సంఘాలు కలిసి ఏర్పడింది. డోర్నకల్ పాత ఆంగ్లికన్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతం. మెదక్ చర్చిని కట్టింది మెథడిస్టులు. డోర్నకల్ వైపు నుంచి వచ్చినవాళ్లకి ఎపిస్కోపల్ ఆరాధన క్రమం బాగా పరిచయంగా అనిపిస్తుంది.

## చర్చి కట్టక ముందు

ఇంత చిన్న చోట ఇంత ఖర్చుపెట్టి చర్చి ఎవరు కట్టించుకున్నారు?

పత్తి భూస్వాములు. ఈ ప్రాంతాన్ని హై హిల్స్ ఆఫ్ శాంటీ అంటారు. పేరుకి హిల్స్ అన్నారు గానీ మన కళ్లకి అవి మెరకలే. కానీ పల్లపు ప్రాంతాల్లో మలేరియా చంపేస్తున్న రోజుల్లో ఈ మెరక మీద గాలి మంచిదని డబ్బున్న కుటుంబాలు ఇక్కడ ఇళ్లు కట్టుకున్నాయి. రాజధాని రాకపోయినా పత్తి డబ్బు వచ్చింది. ఆ డబ్బు బానిసల చాకిరీ నుంచి వచ్చింది. చర్చి ఖర్చు లెక్క చూసేటప్పుడు ఈ వాక్యాన్ని పక్కన పెట్టలేం.

ఇక్కడ అంతకుముందే చర్చి ఉండేదా?

ఉండేది. వలస పాలన కాలంలో ఈ ప్రాంతం సెయింట్ మార్క్స్ అనే పారిష్ (ఒక చర్చి పరిధి) కింద ఉండేది. అసలు చర్చి దూరమని జనానికి దగ్గరలో ఒక చిన్న ఆరాధన మందిరం పెట్టారు. 1788లో జనరల్ సమ్టర్ ఇచ్చిన స్థలంలో క్లేర్‌మాంట్ చర్చి పేరుతో సంఘం స్థిరపడింది. ఇప్పుడున్న హోలీ క్రాస్ ఆ పాత చర్చి స్థానంలో వచ్చిందే. అందుకే 1788 అని ఒకచోట, 1852 అని ఇంకోచోట కనిపిస్తుంది. మొదటిది సంఘానిది, రెండోది భవనానిది.

మట్టితో కడదామన్న ఆలోచన ఎవరికి వచ్చింది?

డాక్టర్ విలియం వాలెస్ ఆండర్సన్‌కి. చర్చికి ఎదురుగా రోడ్డుకి అవతల ఉన్న బరో హౌస్ ఆయనదే. వృత్తి వైద్యం, పిచ్చి మాత్రం మట్టి గోడల మీద. 1821లోనే తన ఇంటి రెక్కలనీ, ఆవరణలోని చిన్న కట్టడాలనీ ఈ పద్ధతిలో కట్టించి చూశాడు. ముప్పై ఏళ్లు వానలకీ ఎండలకీ తట్టుకుని నిలబడిన ఆ గోడలు ఊరివాళ్లందరి కళ్లెదుటే ఉన్నాయి. కొత్త చర్చి నిర్మాణ కమిటీలో ఆయన మాటకి బలం వచ్చింది అక్కడి నుంచే. ఇటుకతో పోలిస్తే ఖర్చు తక్కువ, మట్టి కాళ్ల కిందే ఉంది. ఆ బరో హౌస్ సముదాయం కూడా 1988లో జాతీయ చారిత్రక స్థలం అయింది.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టిందా?

కాదు. మట్టిని కొట్టి గోడ లేపడం చైనాలో, ఉత్తర ఆఫ్రికాలో, యూరప్‌లో ఎప్పటి నుంచో ఉంది. అమెరికాకి వచ్చిన దారి వేరు. ఫ్రాన్స్‌లోని లియోన్ ప్రాంతపు మేస్త్రీల పనిని ఫ్రాంస్వా క్వాంత్రో అనే ఆయన 1790ల మొదట్లో చిన్న పుస్తకాలుగా రాసి ప్రచారం చేశాడు. అవి ఇంగ్లండ్ చేరాయి. అక్కడి నుంచి 1806లో ఎస్. డబ్ల్యూ. జాన్సన్ అనే అమెరికన్ రాసిన వ్యవసాయ పుస్తకంలోకి ఎక్కాయి. ఆండర్సన్ చేతికి వచ్చింది ఆ పుస్తకమే. లియోన్ పల్లెల్లో రైతు ఇళ్లకి వాడిన పని, పుస్తకంగా సముద్రం దాటి, కరోలైనాలో చర్చి గోడ అయింది. నాకు ఈ భవనం కథలో అన్నిటికంటే నచ్చే ముక్క ఇది.

## కట్టడం ఎలా జరిగింది

మన పల్లెల్లో మట్టి గోడలు లేవా? తేడా ఏముంది?

తేడా నీళ్లలో ఉంది. మన దగ్గర మట్టిని గుంతలో నానబెట్టి, కాళ్లతో తొక్కి, ముద్దలు ముద్దలుగా వరస మీద వరస పెట్టి లేపుతారు. ఒక వరస ఆరితేనే ఇంకో వరస. ఇక్కడ వాడింది దాదాపు పొడి మట్టి, కాస్త తడి తగిలితే చాలు. గోడ మందం వదిలి రెండు వైపులా చెక్క పలకలు బిగిస్తారు. మధ్యలో కొన్ని అంగుళాల ఎత్తు మట్టి పోసి, చప్పుడు మారేదాకా దిమ్మిసతో కొడతారు. మొదట దబ్ దబ్ అని మెత్తగా వినిపించేది, మట్టి బిగిసేకొద్దీ ఖంగుమంటుంది. అప్పుడు పైన మరో పొర. పెట్టె నిండాక పలకలు ఊడదీసి పక్కకి జరుపుతారు. ఆరేదాకా ఎదురుచూడక్కర్లేదు, పలక తీసిన నిమిషానికే గోడ నిలబడి ఉంటుంది.

తడి సరిపోయిందో లేదో చూసే పరీక్ష ఇప్పటికీ అదే. గుప్పెడు మట్టి తీసుకుని పిడికిట్లో నొక్కి ఉండ చేయాలి. నడుమెత్తు నుంచి గట్టి నేల మీదకి వదలాలి. నాలుగైదు ముక్కలుగా విరిగితే సరిగ్గా ఉన్నట్టు. చపాతీలా చదునైతే నీళ్లెక్కువ, పొడిపొడిగా రాలిపోతే తక్కువ. మట్టి రకం కూడా కుదరాలి. బంక ఎక్కువైతే ఎండేటప్పుడు పగుళ్లిస్తుంది, ఇసుక ఎక్కువైతే అంచులు రాలతాయి. స్టేట్‌బర్గ్ మెరక మీద దొరికే ఇసుక కలిసిన ఎర్రబంక ఈ పనికి బాగా కుదిరింది.

డిజైన్ ఎవరు గీశారు?

చార్ల్‌స్టన్ ఆర్కిటెక్ట్ ఎడ్వర్డ్ సి. జోన్స్. ఆ కాలంలో రాష్ట్రంలో బాగా చేతినిండా పనున్న మనిషి. స్పార్టన్‌బర్గ్‌లోని వాఫర్డ్ కాలేజీ పాత భవనం కూడా ఆయనదే.

మట్టితో కట్టి, చూడటానికి ఇంగ్లండ్ చర్చిలా ఎందుకు చేశారు?

ఆ రోజుల ఫ్యాషన్ అది. 1830ల చివర నుంచి ఇంగ్లండ్‌లో ఒక వాదం బలపడింది: చర్చి అంటే మధ్యయుగపు గోథిక్ పద్ధతిలోనే ఉండాలి, గ్రీకు స్తంభాలు పెట్టి కోర్టు భవనంలా కట్టకూడదు అని. అమెరికా ఎపిస్కోపల్‌వాళ్లు దాన్ని అందరికంటే ముందు అందుకున్నారు. 1846లో న్యూయార్క్‌లో ట్రినిటీ చర్చి పూర్తయ్యాక చిన్న ఊళ్లకి కూడా అదే మోజు పాకింది. కొనదేరిన కిటికీలు, నిటారుగా దిగే పైకప్పు, పై నుంచి చూస్తే సిలువ ఆకారం, అన్నీ హోలీ క్రాస్‌లో ఉన్నాయి. కిటికీ రంగు అద్దాలు బవేరియా నుంచి తెప్పించారు. ఆర్గన్ న్యూయార్క్‌లోని హెన్రీ అర్బెన్ దగ్గర చేయించారు. గోడకి మాత్రం ఊరి మట్టి. పొదుపు ఎక్కడ చేయాలో, దర్జా ఎక్కడ చూపించాలో వాళ్లకి బాగా తెలుసు.

ఆ మట్టి కొట్టిందెవరు? వాళ్ల పేర్లు ఎక్కడైనా ఉన్నాయా?

బానిసలుగా ఉన్న నల్లజాతివాళ్లు. బరో హౌస్ మట్టి కట్టడాలూ వాళ్ల చేతుల మీద లేచినవే. ఆర్కిటెక్ట్ పేరుంది, కమిటీలో ఉన్న డాక్టరు పేరుంది, స్థలమిచ్చిన జనరల్ పేరుంది. దిమ్మిస పట్టినవాళ్ల పేర్లు ఈ కథలో ఎక్కడా చెప్పరు. ఇది రోజు కూలీ చేసే మోటు పని అనుకోవద్దు. ఎంత తడి, ఎంత మందం పొర, ఎప్పుడు ఆపాలి అన్నది చేతికీ చెవికీ తెలియాలి. పుస్తకం చదివింది డాక్టరు కావచ్చు, నూట డెబ్బై ఏళ్లు నిలబడిన గోడ వచ్చింది మాత్రం ఆ చేతుల్లోంచి. ఈ చర్చి గురించి రాసేవాళ్లు డాక్టరుకి పేరా ఇచ్చి వీళ్లకి సగం వాక్యం ఇవ్వడం నాకు మింగుడుపడదు.

చర్చిలో బెంచీలు అమ్మేవారంట, నిజమా?

నిజమే. పాత ఎపిస్కోపల్ చర్చిల్లో చాలాచోట్ల కుటుంబాలు బెంచీని డబ్బిచ్చి కొనుక్కునేవి, లేదా ఏడాది అద్దెకి తీసుకునేవి. కట్టడానికీ గురువు జీతానికీ అదే ఆదాయం. ఎవరి బెంచీ ఎక్కడుంటే వాళ్ల హోదా అంత.

ఈ సంఘంలో విలియం ఎల్లిసన్ కథ దీనికి అసలైన ఉదాహరణ. 1790 ప్రాంతంలో బానిసగా పుట్టి, పత్తి జిన్ను యంత్రాలు చేసే విద్య నేర్చుకుని, 1816లో విముక్తి పొంది స్టేట్‌బర్గ్‌లో వర్క్‌షాప్ పెట్టుకున్నాడు. 1824లో, అంటే పాత చర్చి భవనం ఉన్నప్పుడు, ఆర్గన్ అంతస్తు కింద తన కుటుంబానికి బెంచీ వేసుకోవడానికి పెద్దలు ఒప్పుకున్నారు. తెల్లవాళ్లున్న కింది అంతస్తులోనే, కానీ వెనకగా. తర్వాత మాజీ గవర్నర్ ఇల్లే కొనేంత డబ్బు సంపాదించాడు. అదే మనిషి 1860 నాటికి 63 మంది బానిసలకి యజమాని. చదివినవాళ్లు ఇక్కడ ఆగిపోతారు. ఆగాల్సిన చోటే అది.

## సమాధుల తోట

క్రిస్మస్ ఎర్ర పూల మొక్కకి పేరిచ్చిన ఆయన సమాధి ఇక్కడేనా?

ఇక్కడే. జోయెల్ రాబర్ట్స్ పాయిన్‌సెట్, మెక్సికోకి అమెరికా పంపిన మొదటి రాయబారి. అక్కడ చూసిన మొక్కని 1820ల చివర సౌత్ కరోలైనాకి పంపించాడు. మన నర్సరీల్లో కూడా డిసెంబర్‌లో కుండీల్లో పెట్టి అమ్మే పాయిన్‌సెట్టియా అదే. ఆ ఎర్రగా కనిపించేవి రేకులు కావు, ఆకులే. అసలు పూలు మధ్యలో ఉండే చిన్న పసుపు మొగ్గలు. పాయిన్‌సెట్ 1851 డిసెంబర్ 12న స్టేట్‌బర్గ్‌లో చనిపోయాడు. చర్చి పూర్తయింది 1852లో కాబట్టి ఆయన్ని పాతిపెట్టేనాటికి భవనం పని ఇంకా జరుగుతూనే ఉండాలి.

మొక్క ఒక్కటే చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. 1837 నుంచి 1841 దాకా ఆయన అమెరికా యుద్ధ మంత్రి. చెరోకీలని వాళ్ల నేల మీద నుంచి బలవంతంగా వెళ్లగొట్టింది ఆ కాలంలోనే.

## దెబ్బలు, మరమ్మతులు

1886 భూకంపంలో ఇది కూలిపోలేదా?

లేదు. 1886 ఆగస్టు 31 రాత్రి వచ్చిన చార్ల్‌స్టన్ భూకంపం అమెరికా తూర్పు వైపు నమోదైన అతి పెద్ద వాటిలో ఒకటి. చార్ల్‌స్టన్‌లో ఇటుక భవనాలు పెద్ద ఎత్తున దెబ్బతిన్నాయి. స్టేట్‌బర్గ్ అక్కడికి బాగా దూరం, ఆ తేడా లెక్కలోకి తీసుకోవాల్సిందే. అయినా సున్నం కీళ్లు లేని ఏకాండపు మందపాటి గోడలు నిలబడ్డాయన్నది వాస్తవం. 1926లో అమెరికా వ్యవసాయ శాఖ రైతుల కోసం మట్టి గోడల మీద ఒక బులెటిన్ తెచ్చినప్పుడు ఈ ప్రాంతపు కట్టడాలు ఆ పద్ధతికి గట్టి సాక్ష్యంగా నిలిచాయి.

వానలకి మట్టి కరిగిపోదా?

పైనా కిందా కాపాడితే కరగదు. పైకప్పు నీళ్లని గోడకి దూరంగా దింపాలి, పునాది నేల తేమని పైకి ఎక్కనివ్వకూడదు, ఒంటికి సున్నపు పూత ఉండాలి. ఈ మూడూ సరిగ్గా ఉంటే కొట్టిన మట్టి ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా గట్టిపడుతుంది. కప్పు కారడం మొదలైతే మాత్రం ఎంత మందం ఉన్నా లాభం లేదు.

చెదలు పట్టి చర్చి మూసేశారని విన్నాను. మట్టికి చెద పడుతుందా?

చెద తినేది కలపని. గోడ మట్టిదైనా పైకప్పు దూలాలు, నేల, కిటికీ చట్రాలు అన్నీ చెక్కే. 2000 తర్వాత బయటపడిన చెద నష్టం ఎంత లోతుగా ఉందంటే, భవనాన్ని ఏళ్ల తరబడి మూసి పని చేయాల్సి వచ్చింది. మళ్లీ తెరిచింది 2010లో. మట్టి గోడలున్న పాత ఇంటిని కొనబోయేవాళ్లకి నా సలహా కూడా ఇదే: గోడ మీద గోరుతో గీకి చూడటం తర్వాత, ముందు గోడకీ దూలానికీ కలిసే చోట టార్చి వేసి చూడండి.

పగుళ్ల మీద సిమెంటు పూసేస్తే సరిపోదా?

సరిపోదు సరికదా, ఉన్న గోడ పాడవుతుంది. మట్టి గోడ తేమని పీల్చి మళ్లీ బయటికి వదులుతూ ఉంటుంది. సున్నపు పూత దాన్ని వదలనిస్తుంది. సిమెంటు పూత లోపలి తేమని బంధించేస్తుంది. బయట నున్నగా ఉంటుంది, లోపల మట్టి మెత్తబడిపోతుంది. కొన్నాళ్లకి పూత పెచ్చుతో పాటు గోడ ముక్కే ఊడొస్తుంది. మన ఊళ్లలో పాత గుళ్లకీ, గడీలకీ, మిద్దెలకీ మరమ్మతు పేరుతో జరుగుతున్న నష్టంలో చాలా భాగం ఇదే.

జాతీయ చారిత్రక స్థలం అంటే ఖర్చంతా ప్రభుత్వమే పెట్టుకుంటుందా?

పెట్టుకోదు. మన దగ్గర పురావస్తు శాఖ కట్టడాన్ని తన చేతిలోకి తీసుకున్నట్టు ఇక్కడ జరగదు. యజమాని యజమానిగానే ఉంటాడు. కొన్ని గ్రాంట్లకి దరఖాస్తు చేసుకునే అర్హత వస్తుంది, పలక ఒకటి వస్తుంది. మిగతా బరువంతా సంఘం మీదే, అంటే విరాళాల మీదే.

## ఇప్పుడు

2012లో ఈ మేత్రాసనం చీలిపోయిందట కదా?

అవును. సౌత్ కరోలైనా తీరప్రాంతపు మేత్రాసనంలో ఎక్కువ సంఘాలు 2012లో జాతీయ ఎపిస్కోపల్ చర్చి నుంచి విడిపోయాయి. స్వలింగ సంబంధాల మీద బోధన, బిషప్ అధికారం, ఇలా కారణాలు చాలా. ఆ తర్వాత భవనాలు ఎవరివన్న తగాదా పదేళ్లు కోర్టుల్లో నలిగింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో ఒకసారి, 2022లో మరోసారి తీర్పులిచ్చింది. ఆస్తి పత్రాల్లో ఏ సంఘం ఏం రాసుకుందన్నదాన్ని బట్టి ఒక్కో చర్చికి ఒక్కోలా తేలింది. మన దగ్గర చర్చి ఆస్తుల కేసులు చూసినవాళ్లకి ఇందులో వింతేమీ కనిపించదు.

వెళ్తే లోపలికి రానిస్తారా?

ఇది మ్యూజియం కాదు, ఆరాధన జరిగే చోటు. ఆదివారం ఆరాధనకి వెళ్తే ఎవరూ కాదనరు, ఆ సమయంలో ఫోన్ మాత్రం జేబులోనే ఉంచండి. మిగతా రోజుల్లో లోపల చూడాలంటే ముందే ఆఫీసుకి ఫోన్ చేసి అడగడం మర్యాద. ఎదురుగా ఉన్న బరో హౌస్ ప్రైవేటు ఆస్తి. రోడ్డు మీద నుంచి చూడండి, గేటు దాటొద్దు.

మేముండే ఊళ్లో కూడా ఇలాంటి పాత చర్చి ఉంది. దాని చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

అమెరికాలో అయితే ముందు చారిత్రక కట్టడాల జాతీయ రిజిస్టర్‌లో ఉందేమో చూడండి. ఉంటే దాని నామినేషన్ పత్రం రాష్ట్ర ఆర్కైవ్స్ సైట్లో చాలావరకు ఉచితంగా దొరుకుతుంది. కట్టిన ఏడాది, ఆర్కిటెక్ట్, మార్పులు అన్నీ అందులో ఉంటాయి. తర్వాత సంఘ పెద్దల మీటింగ్ మినిట్స్ పుస్తకాలు. కప్పు కారిందనీ, బొగ్గు కొనాలనీ, ఆర్గన్ పాడైందనీ రాసిన ఆ పొడి వాక్యాల్లోనే అసలు చరిత్ర ఉంటుంది. బాప్తిస్మం, పెళ్లి, భూస్థాపన రిజిస్టర్లు మూడోది. దక్షిణాది చర్చి అయితే బానిసల బాప్తిస్మాలు ఇంటిపేరు లేకుండా, యజమాని పేరు కింద రాసి ఉంటాయి. ఆ పేజీలు వదిలేయకండి.

మన ఊరి చర్చి అయితే మొదట పునాది రాయి మీది రాత ఫొటో తీయండి. తర్వాత పాస్టరేట్ రిజిస్టర్లు ఎవరి దగ్గరున్నాయో అయ్యగారిని అడగండి. వాటికీ చెదలు పడతాయి, కాబట్టి ఫొటో తీసే పని వచ్చే పండక్కి వాయిదా వేయొద్దు.